ఉక్కు ఉయ్యాల

సికింద్రాబాదు పుట్టుకతో సైనిక స్థావరం, పెరుగుదలతో రైలు నగరం. 1806లో నాటి నిజాం సికిందర్ జా పేరిట వెలసిన ఈ ఊరిని పెద్దలు నేటికీ లష్కరు అని పిలవడం కద్దు. 1874లో వాడి నుండి రైలుమార్గం వచ్చి చేరడంతో దాని స్వరూపమే మారిపోయింది. 1893లో లాలాగూడలో రైలు పెట్టెల కర్మాగారం ఏర్పడింది. 1957లో తార్నాకలో రైల్వే సిగ్నళ్ళ విద్యను బోధించే జాతీయ సంస్థ వెలసింది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ఈ నగరమే కేంద్రస్థానమైంది. పట్టా, పెట్టె, సిగ్నలు, షంటింగు వంటి మాటలు ఇక్కడి పాత వాడల్లో వంటింటి మాటలంత సహజంగా దొర్లుతాయి.

ఇటువంటి నగరంలోని కళాశాల విద్యార్థులు సెలవు దినాల్లో ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, టికెట్టు కొని, వరుసలో నిలిచి, ఏ ఊరికీ పోని ఒక రైలు ఎక్కి వస్తున్నారు. ఆ రైలు ఎక్కినచోటనే దింపుతుంది. ప్రయాణకాలం రెండు నిమిషాలకు లోపే. అందులో ఆరుసార్లు ప్రయాణికులు తలకిందులవుతారు. దిగిన తరువాత కొందరు నవ్వుతారు, కొందరు నేలమీద కూర్చుంటారు, మరికొందరు మళ్ళీ వరుస చివరకు పరుగెత్తుతారు. ఆ రైలు పేరు రీకాయిల్. అది రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో, బాహ్య వలయ రహదారికి చేరువగా ఉన్న వండర్‌లా వినోదోద్యానంలోని రోలర్ కోస్టర్.

కేరళకు చెందిన ఈ ఉద్యాన సంస్థ 2000లో కొచ్చిలోనూ, 2005లో బెంగళూరు సమీపంలోనూ ఉద్యానాలను నెలకొల్పి, 2016 ఏప్రిల్‌లో రావిర్యాలలో మూడవదానిని తెరిచింది. అక్కడ నీటి ఆటలున్నాయి, గిరగిర తిప్పే యంత్రాలున్నాయి, పసిపిల్లల బండ్లున్నాయి. అయినప్పటికీ లోపలికి వచ్చే యువకుల చూపు మొదట పడేది ఆకాశంలోకి లేచిన రెండు ఉక్కు శిఖరాల మీదనే. ఆ శిఖరాల మధ్య మెలికలు తిరిగిన పట్టాల వరుసను చూచినవారికి అదొక చిక్కుముడివలె కనిపిస్తుంది. నిజానికి దాని సూత్రం ఊరి చింతచెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాలలో ఉన్నది.

తెలుగువారికి ఉయ్యాల కొత్త కాదు. అట్లతద్ది నాడు తెల్లవారుజామునే లేచి ఆడపిల్లలు ఊగే ఉయ్యాల మొదలుకొని, తిరునాళ్ళలోని రంగులరాట్నం వరకు, కడుపులో ఏదో జారినట్లయ్యే ఆ క్షణాన్ని వెతుక్కుంటూ పోవడం మన ఆటలలో ఒక భాగం. ఇటు చివర ఎత్తుకు చేరి, క్షణకాలం ఆగి, కిందికి జారి, అటు చివర ఎత్తుకు చేరి, మళ్ళీ వెనక్కి రావడమే ఉయ్యాల. రీకాయిల్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. తాటికి బదులు పట్టా, పీటకు బదులు పెట్టెల వరుస, ఊపే చేతులకు బదులు మోటారు. అయితే ఉయ్యాలకు లేని మెలికలు దీని నడుమ ఉన్నాయి. ఆ మెలికలు ఇంత నిర్భయంగా తిరగడానికి మానవుడు దాదాపు ఒక శతాబ్దం పాటు దెబ్బలు తింటూ నేర్చుకోవలసి వచ్చింది.

రోలర్ కోస్టరు మూలాలను చరిత్రకారులు రష్యాలో చూస్తారు. అక్కడి చలికాలంలో కొయ్య చట్రాలమీద నీరు పోసి గడ్డకట్టించి, ఆ మంచువాలు మీదుగా జారే ఆట పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నాటికే ప్రచారంలో ఉన్నది. ఈ ఆట ఫ్రాన్సుకు పోయి చక్రాలు తొడుక్కున్నది. అందుకే ఫ్రెంచివారు నేటికీ రోలర్ కోస్టరును ‘రష్యా కొండలు’ అంటారు. వింత ఏమంటే, రష్యావారు దానిని ‘అమెరికా కొండలు’ అంటారు. భయపెట్టే వస్తువును కనిపెట్టిన ఘనతను ఎదుటివారికి అంటగట్టడం మానవ స్వభావం కాబోలు.

అమెరికాలో దీనికి జన్మనిచ్చినది బొగ్గు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మాక్ చంక్ అనే చోట 1827లో కొండమీది గని నుండి బొగ్గును దించడానికి ఒక రైలుమార్గం వేశారు. ఇంజను లేదు. వాలు మీదుగా బండ్లు తమంతట తామే దిగేవి. కొంతకాలానికి జనం డబ్బిచ్చి ఆ బండ్లలో కూర్చోవడం మొదలుపెట్టారు. బొగ్గు రవాణా వేరే మార్గానికి మారిపోయిన తరువాత కూడా ఆ రైలు అనేక దశాబ్దాలు కేవలం విహారయాత్రికుల కోసమే నడిచింది. సరకు రవాణా కోసం పుట్టిన పట్టా సంతోషం కోసం మిగిలిపోవడం ఈ కథలోని మొదటి మలుపు.

1884లో న్యూయార్కులోని కోనీ ఐలండ్ సముద్రతీరంలో లామార్కస్ థాంప్సన్ అనే వ్యక్తి ‘స్విచ్‌బ్యాక్ రైల్వే’ పేరిట ఒక బండిని నడిపాడు. దాని వేగం గంటకు పది కిలోమీటర్ల మేరకే, అంటే తీరికగా తొక్కే సైకిలుతో సమానం. బండి ఒక చివర నుండి ఎగుడుదిగుడుగా జారి రెండవ చివర ఆగేది. అక్కడ ప్రయాణికులు దిగి నిలబడితే, పనివారు బండిని మరొక ఎత్తైన పట్టా మీదికి నెట్టేవారు. మళ్ళీ ఎక్కితే బయలుదేరిన చోటికి చేరేవారు. పనివారు నెట్టడం అనే ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి. రీకాయిల్‌లో అదే పనిని ఒక గొలుసు చేస్తుంది.

జారడం నేర్చిన మానవుడు తలకిందులు కావాలనుకున్నాడు. 1895లో అదే కోనీ ఐలండ్‌లో ‘ఫ్లిప్ ఫ్లాప్’ అనే బండి నిలువు వలయంలో తిరిగింది. ఆ వలయం దాదాపు పరిపూర్ణమైన వృత్తం. వృత్తం చూడటానికి అందమైనది, గీయటానికి సులభమైనది. కాని అందులో కూర్చున్నవారి మెడలు నొప్పిపెట్టాయి. ఆ బండి ఎక్కువ కాలం నిలవలేదు.

కారణం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పాఠంలోనే దొరుకుతుంది. నిలువు వృత్తం పైభాగాన బండి పట్టాను విడవకుండా ఉండాలంటే, అడుగుభాగాన దాని వేగపు వర్గం గురుత్వ త్వరణం, వ్యాసార్థాల లబ్ధానికి కనీసం ఐదు రెట్లు ఉండాలి. ఆ వేగంతో వృత్తంలో ప్రవేశించిన మనిషి మీద పడే భారం అతని సొంత బరువుకు ఆరు రెట్లు. యాభై కిలోల విద్యార్థి ఒక్కసారిగా మూడువందల కిలోలైనట్లు లెక్క. ఇందులో ‘ఒక్కసారిగా’ అన్న మాటే అసలు ప్రమాదం. తిన్నని పట్టా ముగిసి వృత్తం మొదలయ్యే ఆ బిందువు వద్ద భారం ఒక రెట్టు నుండి ఆరు రెట్లకు రెప్పపాటులో దూకుతుంది. సిద్ధపడే వ్యవధి మెడకు దొరకదు. 1901లో అక్కడే మరొక నిర్మాత వలయాన్ని కోడిగుడ్డు ఆకారానికి సాగదీసి కొంత మేలు సాధించాడు. అయినా ఒక్కో బండిలో నలుగురే పట్టడం వల్ల ఆదాయం చాలక అది కూడా కనుమరుగైంది. ఆ తరువాత డెబ్బై సంవత్సరాలకు పైగా నిలువు వలయం జోలికి పోయి గెలిచినవారు లేరనే చెప్పాలి.

ఈ చిక్కును విప్పిన ఉపాయం రైలుమార్గాల నిర్మాణంలో అప్పటికే ఉన్నది. సికింద్రాబాదు నుండి బయలుదేరిన రైలు ఏదైనా వంపు తిరిగేటప్పుడు, నిలబడి ఉన్న ప్రయాణికుడు పక్కకు విసిరివేయబడడు. మెల్లగా ఒక పక్కకు ఒరుగుతాడు, అంతే. తిన్నని పట్టాను నేరుగా వృత్తాకార వంపుతో కలిపితే పెట్టె కుదుపుకు లోనవుతుందని ఇంజనీర్లు పందొమ్మిదవ శతాబ్దంలోనే గ్రహించారు. అందుచేత ఆ రెంటి మధ్య ఒక పరివర్తన వక్రాన్ని అమర్చుతారు. ఆ వక్రం మొదట్లో దాదాపు తిన్నగా ఉంటుంది. ముందుకు పోయిన కొద్దీ దాని వంపు క్రమంగా పెరుగుతుంది. ఇటువంటి వక్రాల కుటుంబానికి చెందినదే క్లోథాయిడ్. పద్దెనిమిదవ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ దీనిని అధ్యయనం చేసినందున దీనికి ఆయిలర్ సర్పిలమనే పేరు కూడా ఉన్నది.

1976లో జర్మనీకి చెందిన ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్, నిర్మాత ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కలిసి కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ ఉద్యానంలో ఈ వక్రాన్ని నేల మీది నుండి లేపి నిలువుగా నిలబెట్టారు. ఆ వలయం వృత్తం కాదు, తలకిందులుగా వేలాడే నీటిబొట్టును పైకి తిప్పినట్లుంటుంది. అడుగున వ్యాసార్థం పెద్దది కనుక, వేగం ఎక్కువగా ఉన్నా భారం అదుపులో ఉంటుంది. పైన వ్యాసార్థం చిన్నది కనుక, వేగం తగ్గినా బండి పట్టాను వీడదు. భారం మెట్టుమీద నుండి దూకదు, వాలు ఎక్కినట్లు పెరుగుతుంది. నేడు లోకంలో తలకిందులుగా తిప్పే ప్రతి రోలర్ కోస్టరూ ఈ వలయానికి ఋణపడినదే. రైలు ప్రయాణికుడు ఒరిగిపోకుండా కాపాడిన ఉపాయమే రోలర్ కోస్టరు ప్రయాణికుని మెడను కాపాడింది.

రెండవ మార్పు ఉక్కు గొట్టం. చాలాకాలం రోలర్ కోస్టర్లను కొయ్య దుంగల మీద పలుచని ఇనుప పట్టీలు పరచి నిర్మించేవారు. కొయ్యను అన్ని దిశలకూ మెలితిప్పడం సాధ్యం కాదు. 1959లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో మ్యాటర్‌హార్న్ అనే బండి కోసం యారో సంస్థ గొట్టాల వంటి ఉక్కు పట్టాలను వాడింది. గొట్టాన్ని ఏ దిశకైనా వంచవచ్చు. దాని గుండ్రని వెలుపలి భాగాన్ని చక్రాలు ఏ పక్కనుండైనా పట్టుకోవచ్చు.

మామూలు రైలు చక్రం పట్టా మీద కేవలం తన బరువుతో నిలుస్తుంది. లోపలి అంచు అది పక్కకు జారకుండా చూస్తుంది. కాని ఆ రైలును తలకిందులు చేస్తే కింద పడుతుంది. రోలర్ కోస్టరుకు అందువల్ల మూడు వరుసల చక్రాలుంటాయి. పై చక్రాలు బరువు మోస్తాయి. పక్క చక్రాలు దారి చూపుతాయి. మూడవ వరుస పట్టాకు అడుగున ఉండి, బండి పైకి లేవకుండా పట్టుకొంటుంది. ఈ అడుగు చక్రం ఆలోచనకు జాన్ మిల్లర్ అనే అమెరికా నిర్మాత 1919లో పేటెంటు పొందాడు. పట్టాను మూడు పక్కల నుండి పిడికిలితో బిగించినట్లు పట్టుకొన్న బండికి పైకీ కిందికీ భేదం లేదు. ఈ సంగతి తెలియనివారు భుజాల మీద దిగే కవచమే తమను నిలబెడుతున్నదనుకుంటారు. కవచం మనిషిని పెట్టెకు కట్టి ఉంచుతుంది. పెట్టెను పట్టాకు కట్టి ఉంచేది కంటికి కనిపించని ఆ చిన్న చక్రమే.

ఇక రీకాయిల్ విషయానికి వస్తే, అది ‘బూమరాంగ్’ అనే నమూనాకు చెందినది. ఆస్ట్రేలియా ఆదివాసులు విసిరితే తిరిగి వచ్చే కర్ర పేరే దీనికి పెట్టారు. ఈ నమూనాను రూపొందించినది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ. వ్యవసాయ పరికరాలతో మొదలై, బొగ్గుగనులకు ఉక్కు నిర్మాణాలు అందించి, ఆ ప్రాంతపు గనులు మూతపడిన తరువాత ఈ సంస్థ వినోదం వైపు మళ్ళింది. ఇక్కడ కూడా బొగ్గు తరువాతనే ఆట. 1980లలో తొలిసారి వెలసిన బూమరాంగ్ నమూనా నేడు వివిధ దేశాలలో యాభైకి పైగా ఉద్యానాలకు విస్తరించింది. కొద్దిపాటి స్థలంలో ఇమిడిపోవడం దాని విజయానికి ముఖ్య కారణం. పట్టా మొత్తం పొడవు మూడువందల మీటర్లకు లోపే, శిఖరాల ఎత్తు సుమారు 35 మీటర్లు. ఏడు పెట్టెలలో, పెట్టెకు నలుగురు చొప్పున 28 మంది కూర్చోవడం ఈ నమూనాకు సాధారణం.

ప్రయాణం వెనుకకు మొదలవుతుంది. స్టేషన్ నుండి ఒక లాగుడు యంత్రం బండిని తోక ముందుగా మొదటి శిఖరం మీదికి లాగుతుంది. ప్రయాణికుల ముఖాలు నేల వైపు ఉంటాయి. శరీరం ముందుకు ఒరిగి కవచం మీద వాలుతుంది. కింద తాము వదలివచ్చిన స్టేషను చిన్నదవుతూ కనిపిస్తుంది. ఈ ఆరోహణ మెల్లనిది. భయమంతా ఇక్కడనే పోగవుతుంది. శిఖరాన లాగుడు యంత్రం పట్టు వదలినప్పుడు ముందస్తు హెచ్చరిక ఉండదు. బండి స్టేషన్ మీదుగా దూసుకుపోయి, నాగుపాము పడగ వంటి మెలికలో రెండుసార్లు తలకిందులై, వెంటనే నిలువు వలయంలో మూడవసారి తలకిందులై, రెండవ శిఖరం పైకి ఎగబాకుతుంది. ఇప్పుడు ముఖం ఆకాశం వైపు. బండి వేగం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోబోతుండగా ఒక గొలుసు దానిని పట్టుకొని మిగిలిన ఎత్తుకు చేరుస్తుంది. అక్కడ మరొకసారి పట్టు వదలుతుంది. ఇంతసేపూ ముందుకు వచ్చిన దారినే వీపు ముందుగా, వలయం, పడగ మెలిక అనే వరుసలో దాటి స్టేషన్ చేరుతుంది. బ్రేకులు బండిని నిలుపుతాయి.

గొలుసు ఎందుకు? రెండు శిఖరాలు సమానమైన ఎత్తు కదా, మొదటి దానిపై నుండి జారిన బండి రెండవ దానిపైకి తనంతట తానే చేరకూడదా? చేరదు. మొదటి శిఖరంపై బండికి ఉన్న స్థితిశక్తి గతిశక్తిగా మారే దారిలో కొంత చక్రాల ఘర్షణకు, కొంత గాలి నిరోధానికి పన్ను కట్టవలసి ఉంటుంది. ఊపడం మానేసిన ఉయ్యాల ప్రతి ఊపుకూ కొంచెం తక్కువ ఎత్తుకు చేరడం పసిపిల్లలకు కూడా తెలిసినదే. గొలుసు లేకుండా బండి వెనుదిరిగితే, తిరుగు ప్రయాణంలో వలయాన్నో పడగ మెలికనో దాటలేక మధ్యలో చిక్కుకుంటుంది. ఆ పన్నును తిరిగి చెల్లించేదే గొలుసు. థాంప్సన్ కాలంలో చెమటోడ్చిన పనివారి వారసుడది.

లెక్కలో ఆసక్తి గల విద్యార్థికి ఇక్కడ మరొక చిక్కు ఎదురవుతుంది. 35 మీటర్ల ఎత్తు నుండి జారిన వస్తువు, ఘర్షణ లేదనుకుంటే, సెకనుకు సుమారు 26 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 94 కిలోమీటర్ల వేగాన్ని పొందాలి. కాని ఈ నమూనాకు నిర్మాతలు చెప్పే గరిష్ఠ వేగం గంటకు సుమారు 76 కిలోమీటర్లే. ఆ వేగానికి సరిపడే పతనం 23 మీటర్లు మాత్రమే. మిగిలిన 12 మీటర్లు ఏమైనట్లు? అంతా ఘర్షణే మింగిందనుకోవడం పొరపాటు. బండి ఒక బిందువు కాదు, ఏడు పెట్టెల వరుస. చివరి పెట్టె శిఖరాన్ని చేరినప్పుడు మొదటి పెట్టె ఎంతో దిగువన ఉంటుంది. లెక్కకు తీసుకోవలసినది శిఖరం ఎత్తును కాదు, బండి ద్రవ్యరాశి కేంద్రం ఎత్తును. శిఖరం ఎత్తును నేల నుండి కొలుస్తారు, పట్టా అట్టడుగు భాగమేమో నేలకు కొంత పైన ఉంటుంది. ఇవన్నీ తీసివేసిన తరువాతనే ఘర్షణ వంతు. ప్రశ్నపత్రంలోని ‘ఘర్షణను ఉపేక్షించండి’ అనే వాక్యం ఎన్ని విషయాలను దాచిపెడుతుందో ఈ ఒక్క లెక్క చూపిస్తుంది.

ముందుకు పోయిన దారే వెనుకకు వచ్చిన దారి. వలయాలవే. వేగం కూడా దాదాపు అంతే. అయినా తిరుగు ప్రయాణమే ఎక్కువ భయం కలిగిస్తుంది. కారణం కంటిలోనూ చెవిలోనూ ఉన్నది. ముందుకు పోతున్నప్పుడు కన్ను రాబోయే మలుపును చూచి మెడ కండరాలకు కబురు పంపుతుంది. శరీరం బిగుసుకొని సిద్ధంగా ఉంటుంది. వెనుకకు పోతున్నప్పుడు కన్ను గడిచిపోయినదానినే చూపుతుంది. లోచెవిలోని అర్ధవర్తుల కుల్యలలో ఉన్న ద్రవం తల తిరిగిన తీరును చెబుతుంది. కాని అది కూడా మలుపు మొదలైన తరువాతనే. కన్నూ చెవీ చెప్పేవి పొసగక మెదడు కలవరపడుతుంది. వాంతి వచ్చినట్లుండడం ఈ కలవరపు ఫలితమే. ఒక్క పట్టాను రెండు అనుభవాలుగా మలచడంలోనే ఈ నమూనా ప్రతిభ ఉన్నది. ఇంతకంటె ఎత్తైనవి, వేగమైనవి ప్రపంచంలో అనేకం ఉన్నా, ఇంత తక్కువ ఉక్కుతో ఇంత భయాన్ని పండించినవి కొద్దే అనవచ్చు.

లోపాలు లేకపోలేదు. మెలిక నుండి వలయంలోకి మారే చోట బండి దడదడలాడుతుంది. తలను ఆసనానికి గట్టిగా ఆనించి ఉంచనివారి చెవులు కవచానికి తగలడం ఈ తరహా బండ్ల మీద పాత ఫిర్యాదే. వరుసలో నిలిచే కాలానికీ ప్రయాణ కాలానికీ పొంతన లేదు. గంట సేపు ఎండలో నిలిచి రెండు నిమిషాలు ఊగి రావడం ఏమి న్యాయమని అడిగే పెద్దలకు సమాధానం చెప్పడం కష్టం. అయితే ఆ ఆలస్యానికి ఒక కారణం ఉన్నది. రైలు సంగతి తెలిసిన సికింద్రాబాదు విద్యార్థికి దానిని గ్రహించడం సులభం.

రైల్వేలు దారిని భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఒక బండి ఉండగా మరొక బండిని రానీయవు. ఒంటి పట్టా మార్గాలలో స్టేషన్ మాస్టరు ఇచ్చే టోకెను చేతిలో లేనిదే డ్రైవరు బండిని కదిలించని పద్ధతి చాలాకాలం నడిచింది. తార్నాకలోని సంస్థలో బోధించే విద్యకు ఇది అక్షరాభ్యాసం వంటిది. పెద్ద రోలర్ కోస్టర్లు కూడా ఇదే పద్ధతిలో, భాగాలు చేసిన పట్టా మీద రెండు మూడు బండ్లను నడుపుతాయి. రీకాయిల్‌లో అది కుదరదు. పోయిన బండి అదే దారిన తిరిగి రావాలి కనుక మొత్తం పట్టా ఒకే భాగం. టోకెను ఒకటే, బండి ఒకటే. ఒక బండి దిగితేనే మరొక 28 మంది ఎక్కగలరు. ఎదురుచూడక తప్పని ఆ నిరీక్షణే రెండు బండ్లు ఎదురుపడే ప్రమాదాన్ని మొదలంటా తుడిచివేసింది.

ప్రమాదమనే మాటను ఈ సందర్భంలో దాటవేయడం న్యాయం కాదు. 1972 మే 30న లండన్‌లోని బాటర్‌సీ ఉద్యానంలో ఒక రోలర్ కోస్టరు బండి, పైకి లాగే తాడు నుండి విడివడి వెనుకకు జారింది. వెనుకకు జారకుండా ఆపవలసిన పరికరం పనిచేయలేదు. ఐదుగురు పిల్లలు మరణించారు. 2025 ఏప్రిల్‌లో దిల్లీలోని ఒక వినోదోద్యానంలో రోలర్ కోస్టరు పైనుండి పడి ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది. ఈ రెండు సందర్భాలలోనూ గురుత్వాకర్షణ తన సూత్రాన్ని తప్పలేదు. తప్పినవి మనుషులు చూడవలసిన పరికరాలు. గొలుసు ఎక్కే రోలర్ కోస్టర్లలో వినిపించే ‘టకటక’ శబ్దం చాలామందికి భయం పెంచే తాళంవలె తోస్తుంది. అది బండి అడుగున ఉన్న ఇనుప నాలుక పట్టాలోని పళ్ళ మీద పడే శబ్దం. గొలుసు తెగినా బండి ఒక పంటి కంటె వెనుకకు జారదని అది మాటమాటకూ చెబుతుంది. బాటర్‌సీలో విఫలమైనది ఈ తరహా రక్షణే.

అందువల్లనే బాధ్యత గల ఉద్యానాలలో ప్రతి ఉదయం సందర్శకులు రాకముందే బండిని ఖాళీగా నడిపి చూస్తారు. చక్రాలను, పట్టా అతుకులను, కవచాల బిగింపును పరిశీలించి సంతకాలు చేస్తారు. ప్రయాణికుని ఎత్తును కొలిచే గీత కూడా ఇటువంటి పరిశీలనలో భాగమే. కవచం ఒక నిర్దిష్ట శరీర పరిమాణానికి తగినట్లు తయారవుతుంది. గీతకు అంగుళం తక్కువైన తమ్ముణ్ణి ఎలాగైనా లోపలికి పంపాలని ఉద్యోగిని బతిమాలే అన్నలు కొందరుంటారు. మొహమాటానికి ఆ ఉద్యోగి తల ఊపకపోవడమే ఆ పిల్లవానికి అతడు చేసే ఉపకారం. గుండెజబ్బు, మెడనొప్పి గలవారిని, గర్భవతులను ఎక్కవద్దని చెప్పే పలక కూడా అలంకారానికి పెట్టినది కాదు. ఐదు రెట్ల దాకా పెరిగే భారాన్ని ఆరోగ్యవంతమైన శరీరం కొన్ని క్షణాలు తట్టుకొంటుంది. అస్వస్థమైన శరీరం తట్టుకొనే తీరును ముందుగా చెప్పగల సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

కళాశాల బృందాలతో వచ్చినప్పుడు మరొక దృశ్యం కనిపిస్తుంది. బృందంలో ఒకరిద్దరు ఎక్కమంటారు. మిగిలినవారు పరిహాసం చేస్తారు. పరిహాసానికి తాళలేక ఎక్కినవారు కళ్ళు మూసుకొని, తలను వంచి, కవచాన్ని గుండెకు హత్తుకొని కూర్చుంటారు. వంచిన మెడకే ఎక్కువ దెబ్బ తగులుతుందనే సంగతిని పరిహాసం చేసినవారు చెప్పరు. ఎక్కేవారు చేయవలసినది ఇంతే: తలను వెనుకకు ఆనించి, కళ్ళు తెరిచి, కవచపు పిడులను పట్టుకొని, జేబుల్లోని వస్తువులను కిందనే వదలిపెట్టి కూర్చోవాలి. ఎక్కనివారు నేలమీద నిలిచి చూడదగినది కూడా చాలా ఉన్నది. నిలువు వలయం నిజంగా వృత్తమో కాదో అక్కడి నుండే బాగా కనిపిస్తుంది. మొదటి శిఖరంపై నుండి జారిన బండి, గొలుసు సాయం అందకముందు, రెండవ శిఖరం మీద తన బలంతో ఎంత ఎత్తుకు చేరుతున్నదో కంటితో కొలవవచ్చు. చేతి గడియారంతో రెండు ఊపుల కాలాన్ని వేరువేరుగా లెక్కించవచ్చు. స్నేహితుల సంచులను కాపలా కాస్తూ చేయగలిగిన ప్రయోగాలివి. బండిలో కూర్చున్నవారికి ఆ సమయంలో ఇవేవీ సాధ్యం కావు.